డెల్టాలో 500 మందికి కొత్త జైలు కడితే ఎంతవుతుంది? ఒక రిటైర్డ్ ఇంజినీరు లెక్క

ఈ ప్రశ్న పాలకొల్లు దగ్గర ఊరి నుంచి ఒక కుర్రాడు అడిగాడు. గ్రూప్స్‌కి చదువుతున్నాడట. టూకీగా అతను అడిగింది ఇది: ఇంగ్లండ్‌లో 2025 మార్చిలో మిల్‌సైక్ అనే కొత్త జైలు తెరిచారు. దాదాపు 1,500 మందికి 40 కోట్ల పౌండ్లు అయింది, అంటే మన డబ్బులో నాలుగు వేల కోట్ల పైమాట. అదే మన పశ్చిమ గోదావరికో కోనసీమకో ఒక జిల్లా జైలు కడితే ఎంతవుతుంది? అసలు "కెపాసిటీ" అన్న అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? చివర్లో ఇంకోటి కూడా అడిగాడు, మన జిల్లాకి కొత్త జైలు అవసరమా అని. దానికి ఆఖర్న వస్తాను.

నేను ప్రభుత్వ భవనాల పనుల్లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. నా సర్వీసులో ఎక్కువ భాగం స్కూళ్ళు, ఆసుపత్రులు, క్వార్టర్లే. జైలు పనులు తగిలింది మూడుసార్లు. ఆ మూడూ డెల్టాలోనే. మూడుసార్లే అయినా, మిగతా పనులన్నీ నేర్పనిది అవి నేర్పాయి.

ముందు ఆ ఇంగ్లండ్ లెక్క తేల్చుకుందాం. 40 కోట్ల పౌండ్లని 1,500తో భాగిస్తే మనిషికి 2 లక్షల 67 వేల పౌండ్లు. పౌండుకి వంద రూపాయలని మోటుగా వేసుకున్నా మనిషికి రెండున్నర కోట్లు దాటింది. ఆ డబ్బుతో భీమవరంలో మంచి ఇల్లే వస్తుంది. అయితే ఈ ఒక్క అంకె చూసి ఆశ్చర్యపోతే ఉపయోగం లేదు, పక్కన ఇంకో రెండు పెట్టి చూడాలి. 2017లో వేల్స్‌లో బెర్విన్ జైలు తెరిచారు. 2,106 మందికి 20 కోట్ల పౌండ్లకి కాస్త పైన అయింది. అంటే తలకి లక్ష పౌండ్లు. 2022లో ఫైవ్ వెల్స్ తెరిచారు, దాదాపు 1,700 మందికి 25 కోట్ల 30 లక్షల పౌండ్లు. తలకి లక్షా యాభై వేలు. మిల్‌సైక్‌కి వచ్చేసరికి 2 లక్షల 67 వేలు. ఎనిమిదేళ్ళలో రెండున్నర రెట్లు.

సిమెంటు, ఇనుము, కూలి పెరిగాయి, నిజమే. మిల్‌సైక్‌లో గ్యాసు లేకుండా అంతా కరెంటు మీదే నడిచేలా కట్టారు, దానికీ అయింది. కానీ బెర్విన్ అంత చవగ్గా కనపడటానికి ఇంకో కారణం ఉంది. అక్కడ చాలా గదుల్లో ఇద్దరేసి ఉండేలా వేశారు. ఫైవ్ వెల్స్‌లో ఎక్కువ భాగం ఒక్కొక్కరికి ఒక గది. కిటికీలకి ఊచలు కూడా లేవు, గట్టి అద్దాలే. గది అదే, గోడ అదే, మంచాలు రెండేస్తే తలసరి ఖర్చు పడిపోతుంది. అందుకని ఎవరైనా "మా జైలు తలకి ఇంతలో కట్టాం" అంటే, నేను డబ్బు సంగతి తర్వాత అడుగుతాను. ముందు దేంతో భాగించారో అడుగుతాను.

వాళ్ళ దగ్గర దీనికి రెండు అంకెలు విడివిడిగా రాస్తారు. ఇరుకు లేకుండా ఎంతమంది పడతారన్నది ఒకటి. సర్దుకుంటే, ప్రమాదం లేకుండా గరిష్ఠంగా ఎంతమందిని పెట్టొచ్చన్నది రెండోది. పేపర్లో వచ్చేది ఎక్కువసార్లు ఆ రెండోదే. మన దగ్గర మామూలుగా కనిపించేది ఒకటే అంకె.

మన అంకె ఎక్కణ్ణుంచి వస్తుందంటే, నేల కొలత నుంచి. కేంద్రం రాష్ట్రాలకి నమూనాగా ఇచ్చిన 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్‌లో, బ్యారక్‌లో, అంటే అందరూ కలిసి పడుకునే హాల్లో, పడుకోవడానికి మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలని ఉంటుంది. ఈ వింత దశాంశాలు చూసి కంగారుపడకండి. పాత అడుగుల కొలతని మీటర్లలోకి మార్చారంతే. అది నలభై చదరపు అడుగులు. మన నులకమంచం ఆరడుగులు ఇంటూ మూడడుగులు, పద్దెనిమిది. అంటే మంచం వేశాక దాని పక్కన ఇంకో మంచం పట్టేంత జాగా, కొసరు. ఒంటరి సెల్ అయితే 8.92 చదరపు మీటర్లు, అదీ 96 చదరపు అడుగులే. బ్యారక్‌లో ఇరవై మందికి మించకూడదు.

నాకు అన్నిటికంటే నచ్చింది స్థలం కొలత. ప్రహరీ లోపల మనిషికి 83.61 చదరపు మీటర్లు ఉండాలంటారు. లెక్కేసి చూడండి, సరిగ్గా వంద గజాలు. భూమి మరీ ఖరీదైన చోట 62.70, అంటే డెబ్భై ఐదు గజాలు. మనం ఇళ్ళ స్థలాలు కొనుక్కునే కొలతే. తలకి వంద గజాల సైటు. అయిదు వందల మందికి యాభై వేల గజాలు, అంటే పదెకరాల ముప్పై మూడు సెంట్లు. ఇది గోడ లోపలి మాట. గోడ బయట క్వార్టర్లు, రోడ్డు, ములాఖత్‌కి వచ్చేవాళ్ళ షెడ్డు, గోడకీ పక్కవాడి పొలానికీ మధ్య వదిలే ఖాళీ, నీళ్ళ చెరువు కలిపితే ఇరవై ఎకరాలకి తక్కువ కాదు.

ఇప్పుడు గోడ. జైలు పనిలో ఎస్టిమేటు వేసేవాడు మొదట నేర్చుకునే పాఠం ఇదే. యాభై మందికి సబ్‌జైలు కడితే లోపల అయిదు వేల గజాలు. చదరంగా వేస్తే చుట్టూ గోడ 283 గజాల పొడవు, తలకి అయిదున్నర గజాల పైన గోడ. అయిదు వందల మందికైతే చుట్టూ 894 గజాలు, తలకి గజం ముప్పావు. వెయ్యి మందికి 1,265 గజాలు, తలకి గజంపావు. మనుషులు ఇరవై రెట్లయితే గోడ నాలుగున్నర రెట్లే అయింది. ఇరవై అడుగుల పైన ఎత్తుండే గోడ, కింద పునాది, పైన కరెంటు తీగ, మూలమూలకి వాచ్‌టవరు. అందుకే ఏ దేశంలోనైనా లెక్కలేసేవాళ్ళు పెద్ద జైళ్ళవైపే మొగ్గుతారు. వంటగదీ అంతే, ఆసుపత్రీ అంతే, గేటూ అంతే. యాభై మందికైనా అయిదొందల మందికైనా మెయిన్ గేటు ఒకటే.

కానీ పెద్ద జైలు కోర్టుకి దూరమవుతుంది. ఆ దూరం ఖర్చు ఇంజినీరు ఎస్టిమేటులో ఉండదు, పోలీసువాళ్ళ డీజిల్ బిల్లులో ఉంటుంది. అమలాపురం నుంచి రాజమండ్రి అరవై కిలోమీటర్ల పైమాట. ఒక్క రిమాండ్ ఖైదీని వాయిదాకి తీసుకెళ్ళి తేవాలంటే ఇద్దరు కానిస్టేబుళ్ళకి ఆ రోజంతా పోయినట్టే. పోలీసు జీపు దొరక్క వాయిదా తప్పితే ఆ ఖైదీ ఇంకో పదిహేను రోజులు లోపలే. అంటే ఆ జాగా ఇంకో పదిహేను రోజులు నిండే ఉంటుంది. వీడియోలో రిమాండు పొడిగించడం వచ్చాక ఇది కొంత తగ్గింది. సాక్షుల విచారణకి మాత్రం మనిషి వెళ్ళాల్సిందే ఎక్కువ సందర్భాల్లో.

ఇక మన నేల సంగతి. అసలు ఖర్చు ఇక్కడుంది, ఇక్కడ కాస్త ఆగుతాను.

రాజమండ్రి సెంట్రల్ జైలు చూసే ఉంటారు. 1864 నుంచి జైలుగా ఉంది, మొత్తం స్థలం దాదాపు 196 ఎకరాలు. అది డెల్టాలో ఉందని చాలామంది అనుకుంటారు. కాదు, డెల్టా మొదలవకముందు, ధవళేశ్వరానికి ఎగువన, మెరక మీద ఉంది. ఆ రోజుల్లో చోటు ఎంచినవాడికి బుద్ధి ఉంది. మనం ఇప్పుడు పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు కట్టాలంటే అలాంటి మెరక దొరకదు. దొరికినా అక్కడ ఈపాటికే కాలనీ ఉంటుంది. ప్రభుత్వ భూమి ఉందంటారు, వెళ్ళి చూస్తే ఎవరికీ పనికిరాని పల్లం. కొనాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం లెక్కగట్టిన మార్కెట్ విలువకి కనీసం రెట్టింపు పడుతుంది, అదీ వరిచేలు. రైతుకి అది న్యాయమే, ఎస్టిమేటుకి బరువు.

పల్లంలో కట్టాలంటే ముందు మెరక చెయ్యాలి. ఆ యాభై వేల గజాలూ అయిదడుగులు లేపాలనుకోండి. నాలుగున్నర లక్షల చదరపు అడుగులు ఇంటూ అయిదు, ఇరవై రెండున్నర లక్షల ఘనపుటడుగులు. మన భాషలో 22,500 యూనిట్లు, యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. రోలరు తొక్కాక మట్టి అణుగుతుంది, కాబట్టి పాతిక శాతం కలిపి 28,000 యూనిట్లు తోలాలి. టిప్పరుకి అయిదు యూనిట్లేసుకుంటే 5,600 ట్రిప్పులు. రోజుకి నలభై ట్రిప్పులు పడినా 140 రోజులు. ఈ గ్రావెల్ మన దగ్గర పుట్టదు, మెట్ట నుంచి రావాలి. దూరం పెరిగేకొద్దీ లీడు చార్జీ పెరుగుతుంది, మట్టి ధర కంటే డీజిలు ధరే ఎక్కువ. యూనిట్ పదిహేను వందలు అనుకున్నా నాలుగు కోట్ల ఇరవై లక్షలు. ఇంకా ఒక్క ఇటుక పడలేదు. ఈలోగా ఆ టిప్పర్లు తిరిగిన పంచాయతీ రోడ్డు పోతుంది, దాని సంగతి ఎవరూ ఎస్టిమేటులో రాయరు.

అంతా లేపకుండా భవనాల కింద మాత్రమే లేపితే సగం మిగులుతుంది కదా అని ప్రతి ఫైలు మీదా ఎవరో ఒకరు రాస్తారు. నేనూ ఒకసారి రాశాను, వయసులో ఉన్నప్పుడు. జైల్లో అది కుదరదు. బయట ఇల్లయితే వాన నీళ్ళు వీధిలోకి పోతాయి. ఇక్కడ చుట్టూ ఇరవై అడుగుల గోడ. నీళ్ళు పోవాలంటే గోడ కింద తూము పెట్టాలి. మనిషి దూరకుండా తూముకి ఊచలు బిగించాలి. ఊచలకి చెత్త అడ్డం పడి రెండో వానకే పూడుతుంది. పూడకపోయినా, అవతల ఆ నీళ్ళు కలవాల్సిన మురుగు కాలువ వరదల్లో మన నేల కంటే ఎత్తులో పారుతూ ఉంటుంది. అప్పుడు నీళ్ళు బయటికి పోవు సరికదా, లోపలికొస్తాయి. మొత్తం లేపాలి, లేదా లోపల సంపు కట్టి మోటార్లతో తోడి పొయ్యాలి. మోటార్లకి కరెంటు కావాలి. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో స్తంభాలన్నీ పడుకున్నాయి, ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో పెద్దవాళ్ళని అడగండి. అందుకని జనరేటరు, దానికి డీజిల్ నిల్వ, అదీ మెరక మీద.

అయిదడుగులే ఎందుకు అంటే, అది ఒక మాట కోసం వేసిన అంకె. నిజానికి చూడాల్సింది 1986 ఆగస్టు వరద మార్కు. ఆ ఏడాది గట్లు తెగిన ఊళ్ళలో పాత ఇళ్ళ గోడల మీద ఇప్పటికీ గీతలు చూపిస్తారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి, నీటిమట్టం 21 అడుగుల పైకి పోయింది, పాతిక లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. గట్లు ఆగాయి కాబట్టి బతికిపోయాం. ఊళ్ళోకి నీళ్ళొస్తే జనం ఏటిగట్టు ఎక్కుతారు, స్కూల్లో పడుకుంటారు. అయిదొందల మంది ఖైదీలని ఏ గట్టెక్కిస్తారు? అందుకే పల్లపు జైలుకి కింది అంతస్తు ప్లింత్, అంటే నేలమట్టం, ఆ మార్కుకి పైనే ఉండాలి, మేడ మీద అవసరమైతే అందర్నీ సర్దే జాగా ఉండాలి. ఇవన్నీ మెట్టలో కట్టే జైలుకి లేని ఖర్చులు.

నల్లరేగడికి ఎండాకాలం బీటలు, వానాకాలం ఉబ్బు. మామూలు పునాది మీద ఇరవై అడుగుల గోడ లేపితే మూడో ఏటికి పగులుతుంది. ఇంటి గోడ పగిలితే సిమెంటు పూస్తాం. జైలు గోడ పగిలితే ఎంక్వయిరీ. పైల్స్, అంటే భూమిలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు, వెయ్యక తప్పదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఊరి పేరు వద్దు. ఒక సబ్‌జైలుకి కొత్త బ్యారక్, దానికి సెప్టిక్ ట్యాంకు. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక, అంటే నీళ్ళు ఆపేశాక, తవ్వాం, గొయ్యి పొడిగా ఉంది. మే నెలాఖరుకి ఆర్‌సీసీ ట్యాంకు పూర్తయింది, స్లాబు వెయ్యాల్సి ఉంది. కాంట్రాక్టరు పాత బిల్లు రాలేదని మనుషుల్ని వేరే పనికి తీసుకెళ్ళాడు. జూన్‌లో కాలువలు వదిలారు. వారం తిరక్కుండా వార్డరు ఒకాయన ఫోను చేసి, "సార్, మీ ట్యాంకు లేచి నిలబడింది" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. వెళ్ళి చూస్తే నిజంగానే అడుగున్నర పైకి లేచి, ఒక పక్కకి ఒరిగి, పడవలా ఉంది. భూమిలో నీరు పైకొచ్చి ఖాళీ ట్యాంకుని తేల్చేసింది. నీళ్ళు పోసి నింపి ఉంచమని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. మొత్తం పగలగొట్టి మళ్ళీ కట్టాం. ఆ తర్వాత ఎనిమిది నెలలు కొత్త బ్యారక్ తాళం వేసే ఉంది, ఎందుకంటే మరుగుదొడ్లు లేవు. కాగితం మీద మాత్రం కెపాసిటీ ముప్పై పెరిగిపోయింది. పాత బ్యారక్‌లో పక్కమీద పక్క వేసుకుని పడుకున్న మనుషులు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకనే నా దృష్టిలో జైలు కెపాసిటీ తేల్చేది మంచం కాదు, మరుగుదొడ్డి. మాన్యువల్ ప్రకారం పగలు ఆరుగురికొకటి, రాత్రి బ్యారక్‌లో పదిమందికొకటి. అయిదొందల మందికి పగటివి 84, రాత్రివి 50. మన నేలలో ఇంకుడుగుంత పని చెయ్యదు, నీళ్ళు ఇంకడానికి కింద చోటే లేదు. మురుగు శుద్ధి ప్లాంటు పెట్టాల్సిందే. ఆ ప్లాంటు అయిదొందల మందికి వేసి ఏడొందల మందిని పెడితే మొదట తిరగబడేది అదే.

నీళ్ళ సంగతీ చూడండి. మనిషికి రోజుకి 135 లీటర్లు. అయిదొందల మందికి 67,500 లీటర్లు. తీరం వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు, కాబట్టి కాలువ నీళ్ళే గతి. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. అరవై రోజులకి నిల్వ పెట్టాలంటే నలభై లక్షల యాభై వేల లీటర్లు. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్ళన్నమాట. ఎండకి ఆవిరయ్యేది, భూమిలోకి పోయేది, క్వార్టర్లలో కుటుంబాలకి వాడేది కలుపుకుంటే మూడు మీటర్ల లోతు ఉంచాలి. ఆ తవ్విన మట్టి మెరకకి వాడుకోవచ్చు కదా అంటారేమో. ఆ నల్లమట్టి గోడ కింద పోస్తే ఏమవుతుందో పైన చెప్పాను. తోటలో పోసుకోవచ్చు.

సరే, మొత్తం ఎంత? రేట్లు నేను అనుకుని వేస్తున్నవే, పద్ధతి చూడండి. పడుకునే జాగా అయిదొందలు ఇంటూ నలభై, ఇరవై వేల చదరపు అడుగులు. విచిత్రం ఏమిటంటే మొత్తం కట్టడంలో ఇది ఏడో వంతు. వరండాలు, మరుగుదొడ్లు, వంటశాల, ఆసుపత్రి, పని షెడ్లు, లైబ్రరీ, ఆఫీసు, ములాఖత్ గదులు, వీడియో కోర్టు గది కలిపితే ఇంకో 55, 60 వేలు. సిబ్బంది క్వార్టర్లు 60 వేల దాకా. మొత్తం లక్షా నలభై వేల చదరపు అడుగులు, అడుగు మూడు వేలు అనుకుంటే 42 కోట్లు. మెరక నాలుగుంపావు. గోడ ఎనిమిది వందల మీటర్ల పైన, పైల్స్‌తో కలిపి మీటరు అరవై వేలనుకుంటే అయిదు కోట్లు. చెరువు, ట్యాంకు, మురుగు ప్లాంటు అయిదు. కరెంటు, జనరేటర్లు, కెమెరాలు, వగైరా అయిదారు. రోడ్లు, డ్రెయిన్లు మూడు. భూమి కాకుండా 65 కోట్లు. తలకి 13 లక్షలు. టెండరు పిలిచాక ఎంతకి ముగుస్తుందన్నది వేరే కథ. ఇంగ్లండ్‌లోనే 20,000 కొత్త జాగాలు కడతామని మొదలెట్టి, 2024 డిసెంబరులో వాళ్ళ ఆడిట్ సంస్థ చూసేసరికి ఖర్చు అనుకున్నదానికి దాదాపు రెట్టింపై 940 నుంచి 1,010 కోట్ల పౌండ్లకి చేరింది, పని 2031 దాకా జరిగేలా ఉంది. మన ఫైళ్ళలో, పని మధ్యలో పెరిగిన ఖర్చుకి రాసుకునే సప్లిమెంటల్ అగ్రిమెంట్లు చూసి నవ్వేవాళ్ళకి ఇది చెబుతుంటాను.

అక్కడ తలకి రెండున్నర కోట్లు, ఇక్కడ 13 లక్షలు ఎందుకు అంటే, కూలి తేడా ఒకటి, ఇరవై మందికి ఒక హాలు అన్నది రెండోది. అక్కడ ఒక్కొక్కడికి గది, గదిలోనే మరుగుదొడ్డి, చలికి వేడి. మన బ్యారక్‌ని వాళ్ళు జైలుగది అని ఒప్పుకోరు.

కట్టడం ఒకసారి. నడపడం ఏటా. ఆరుగురు ఖైదీలకి ఒక గార్డు ఉండాలన్నది మాన్యువల్ మాట. అయిదొందల మందికి 84 మంది. మూడు షిఫ్టులకి పంచితే 28, సెలవులూ డ్యూటీలూ పోను గేటు లోపల ఇరవై మంది కనపడితే గొప్ప. నెలకి సగటున యాభై వేల జీతం అనుకున్నా ఏడాదికి అయిదు కోట్లు వాళ్ళకే. ఆఫీసర్లు, డాక్టరు, తిండి, మందులు, కరెంటు కలిపితే తొమ్మిది పది కోట్లు. ఏడేళ్ళు నడిపితే కట్టినంత అయిపోతుంది. ఇంగ్లండ్‌లోనూ జాగాకి ఏడాదికి 50 వేల పౌండ్ల పైన నడిపే ఖర్చు, అయిదేళ్ళు నడిపితే మిల్‌సైక్ కట్టినంత మళ్ళీ అవుతుంది. బెర్విన్ తెరిచాక నిండటానికే చాలా కాలం పట్టింది. తాళాలు తెచ్చుకోవచ్చు, తాళాలు తిప్పే మనిషి అంత త్వరగా తయారవడు.

ఇంకో మెలిక. అయిదొందలు అన్న అంకెలో అయిదొందల మందీ ఎప్పుడూ పట్టరు. ఆడవాళ్ళ వార్డులో పది జాగాలు ఖాళీగా ఉంటే అవి మగవాళ్ళకి పనికిరావు. శిక్షపడ్డవాళ్ళు, రిమాండువాళ్ళు, ఇరవై ఒకటి లోపు కుర్రాళ్ళు, టీబీ ఉన్నవాళ్ళు వేరేగా ఉండాలి. ఒకే ఊరి కొట్లాటలో రెండు వర్గాలూ లోపలికొస్తే వాళ్ళని చెరో మూలా పెట్టాలి. ఎవరో పెద్ద మనిషి వస్తే ఆయన భద్రతకి ఒక బ్లాకు పోతుంది. నన్నడిగితే అయిదొందల జైలు 430 దగ్గరే నిండినట్టు.

కానీ కోర్టు పంపితే జైలరు "జాగా లేదు" అనలేడు. హోటలువాడు అనొచ్చు, ఆసుపత్రివాడు కూడా అంటాడు, జైలరు అనలేడు. ఏడొందల మంది వచ్చారనుకోండి. మన 65 కోట్లని ఇప్పుడు ఏడొందలతో భాగించండి, తలకి తొమ్మిది లక్షల చిల్లర. ఖర్చు తగ్గినట్టు కనిపిస్తోంది కదా! నీళ్ళు 135 నుంచి 96 లీటర్లకి పడ్డాయి, రాత్రి మరుగుదొడ్డికి పద్నాలుగు మంది క్యూ. ఆ చవక అక్కణ్ణుంచి వచ్చింది.

దేశం లెక్క చూస్తే ఇదే కథ. 2022 చివరికి 1,330 జైళ్ళలో కెపాసిటీ 4,36,266, ఉన్నవాళ్ళు 5,73,220. నూటికి 131 మంది. తేడా లక్షా ముప్పై ఏడు వేలు. వెయ్యి మంది జైళ్ళు 137 కట్టాలి. గ్రూప్స్‌కి చదివే అబ్బాయి కాబట్టి ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి. ఆ ఉన్నవాళ్ళలో ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలు 4,34,302. కెపాసిటీ పక్కన పెట్టి చూడండి, రెండు వేలే తేడా. దేశంలో కట్టిన జైళ్ళ జాగా దాదాపు మొత్తం తీర్పు రానివాళ్ళకే సరిపోతోంది. శిక్షపడ్డవాళ్ళంతా అదనం.

ఇక ఆఖరి ప్రశ్న, మన జిల్లాకి కొత్త జైలు అవసరమా అన్నది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. కలెక్టరాఫీసులు పుట్టినంత వేగంగా జైళ్ళు పుట్టవు, పుట్టకపోవడం తప్పూ కాదు. నేను ఇంజినీర్ని, కట్టమంటే కడతాను, కడితే మా శాఖవాళ్ళకి పనీ ఉంటుంది. అయినా ముందు నేను చూడాలనుకునేది స్థలం కాదు, సబ్‌జైళ్ళ రిజిస్టర్లు. బెయిల్ వచ్చి కూడా లోపలే ఉన్నవాళ్ళు ఎంతమంది? మన ఊళ్ళలో ఇది మామూలే. జడ్జిగారు బెయిలిస్తారు, ఇద్దరు జామీనుదార్లు కావాలంటారు, ఇంటి పన్ను రసీదు తెమ్మంటారు. ఇల్లే లేని కూలీవాడికి రసీదెక్కడిది? బెయిలొచ్చి వారంలోగా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకి బెయిలు కోసం 40 వేల దాకా, జరిమానా కట్టడానికి 25 వేల దాకా ఇచ్చే పథకం పెట్టింది. 2024 జులై నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో కొత్త నాగరిక సురక్షా సంహిత, అందులో 479వ సెక్షన్ వచ్చింది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపలే గడిపేస్తే, మిగతావాళ్ళు సగం గడిపేస్తే, విడుదలకి అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకి ఇది వర్తించదు.

40 వేలు పెడితే ఒక జాగా ఖాళీ అవుతుంది, కొత్తగా ఒక జాగా కట్టడానికి 13 లక్షలు, మెరకకి పోసిన మట్టితో సహా. రిజిస్టర్లలో అలాంటివాళ్ళు పోను ఇంకా కిక్కిరిసే ఉంటే అప్పుడు కట్టండి. కట్టేటప్పుడు మాత్రం, కాలువలు కట్టేసిన రోజుల్లో సైటు చూడ్డానికి వెళ్ళొద్దు. ఆగస్టులో వెళ్ళండి, ప్యాంటు మడిచి.